తెలిసిన వంగడమా, క్రొత్త వంగడమా?

ప్రతి సంవత్సరము నారుమడి దున్నుటకు ముందే రైతు ఒక నిర్ణయము చేయవలసియున్నది. పోయిన యేడు బాగుగా పండిన వంగడమునే మరల వేయుటయా, లేక అందరు చెప్పుకొనుచున్న క్రొత్త వంగడమును వేయుటయా? పాతది వేసినచో చేతికి ఎంత వచ్చునో ఇంచుమించుగా తెలియును. క్రొత్తది వేసినచో ఎక్కువయు రావచ్చును, తక్కువయు రావచ్చును.

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని సామెత. ఈ వింతను నమ్మి ఏటేటా పొలమంతటా విత్తనము మార్చు రైతు నష్టపడుటను మనము చూచుచున్నాము. ఎన్నడును మార్చక, తెగులు వచ్చి పడిన తరువాత దిక్కు తోచక నిలిచిన రైతునుగూడ చూచుచున్నాము. ఎంత భూమిలో, ఎన్ని సంవత్సరములు, ఏయే విషయములలో క్రొత్తను పరీక్షించవలెనో తెలిసికొన్నచో ఈ రెండు నష్టములను చాలవరకు తప్పించుకొనవచ్చును. దీనిని గూర్చి గణిత శాస్త్రజ్ఞులు, జంతు శాస్త్రజ్ఞులు, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు కలవు. వాని సారము, సేద్యములో వానిని ఉపయోగించు విధము ఈ క్రింద వివరింపబడినవి.

వెదకుట, వాడుకొనుట

రైతు చేయు ప్రతి ఎన్నికలో రెండు మార్గములున్నవి. తెలిసిన మంచిదానిని ఉపయోగించి ఫలితము పొందుట ఒకటి. దీనిని వాడుకొనుట అందము. ఇంకను మంచిది ఉన్నదేమో అని పరీక్షించుట రెండవది. దీనిని వెదకుట అందము. వాడుకొనుటవలన ఈ యేటి గాదె నిండును. వెదకుటవలన రాబోవు యేండ్లకు తెలివి సమకూరును. ఒకే సెంటు భూమిలో ఒకే పంటకాలమున ఈ రెండును చేయుటకు వీలులేదు. అందుచేతనే చిక్కు.

ఒక లెక్క చూడుడు. 5 ఎకరముల రైతు ఒకరు 75 కిలోల బస్తాలు ఎకరమునకు 30 చొప్పున పండించుచున్నారనుకొందము. క్రొత్త వంగడము 33 బస్తాలు పండవచ్చును, లేక 27 మాత్రమే పండవచ్చును. పొలమంతటా క్రొత్తది వేసి, అది 27 మాత్రమే పండినచో ఒక్క యేటిలో 15 బస్తాలు నష్టము. అదే 10 సెంట్లలో మాత్రమే వేసి చూచినచో నష్టము 22.5 కిలోలు. మూడు పంటలు వరుసగా పరీక్షించినను 67.5 కిలోలు, అనగా ఒక బస్తాకంటె తక్కువ.

ఇప్పుడు లాభము వైపు చూడుడు. ఆ వంగడము నిజముగా 33 బస్తాలు పండునదైనచో, పొలమంతటా వేసిన నాటినుండి ఏటా 15 బస్తాలు అదనముగా వచ్చును. పది వంగడములను ఇట్లు పరీక్షించగా తొమ్మిది పనికిరానివై, ఒక్కటి మాత్రమే మంచిదైనను, తొమ్మిదింటివలన కలిగిన మొత్తము నష్టము సుమారు 8 బస్తాలు. ఆ ఒక్కదానివలన లాభము ఏటా 15 బస్తాలు. చిన్న మడిలో వెదకుట ఎంత చవుకయో, పెద్ద పొలములో వెదకుట ఎంత ప్రమాదకరమో ఈ లెక్కవలన తెలియగలదు.

పరిశోధనలవలన తెలిసినది

ఈ చిక్కును మొదట లెక్కకు ఎక్కించినవారిలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున పనిచేసిన విలియం థాంప్సన్ ఒకరు. రెండు చికిత్సలలో ఏది మంచిదో ఇంకను రూఢిగా తెలియనప్పుడు రోగులకు దేనినివ్వవలెను అను ప్రశ్నను 1933లో ఆయన చర్చించెను. మేలైనదిగా కనబడుచున్న చికిత్సను ఎక్కువమందికిచ్చుచు, రెండవదానిని వెంటనే పూర్తిగా మానక, రుజువు పెరిగినకొలది తగ్గించుచు రావలెనని ఆయన పద్ధతి. 1952లో హెర్బర్ట్ రాబిన్స్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఇదే ప్రశ్నను మరల ఎత్తెను.

1979లో ఇంగ్లండునకు చెందిన జాన్ గిట్టిన్స్ ప్రచురించిన పరిశోధన చాల ముఖ్యమైనది. మన ముందున్న మార్గములు తమ స్వభావమును మార్చుకొననివైనచో, ప్రతిదానికి ఒక విలువ కట్టవచ్చునని ఆయన చూపెను. అంతవరకు అది చూపిన ఫలితమును, ఇంకను తెలియనిదానివలన కలుగగల మేలును ఆ విలువలో చేరును. తక్కువగా పరీక్షించినదానికి కొంత అదనపు విలువ ఉండును. పరీక్షలు జరిగినకొలది ఆ అదనము తగ్గిపోవును. కనుక నిలకడగల పరిస్థితులలో వెదకుట మొదట ఎక్కువగా ఉండి, క్రమముగా తగ్గి, తుదకు ఆగిపోవును. తరువాత వాడుకొనుటయే మిగులును.

పక్షులుగూడ ఇట్లే చేయును. 1978లో ఇంగ్లండులో కొన్ని చిన్న పక్షుల ముందు మేత దొరకు చోట్లు రెండుంచి చూచిరి. ఆ పక్షులు మొదట రెండింటిని మార్చి మార్చి పరీక్షించి, పిమ్మట మేత ఎక్కువగా దొరకు చోటనే నిలిచిపోయెను.

పరిస్థితులు మారుచున్నచో లెక్క వేరగును. మనము వాడకున్న మార్గముగూడ తనంతట తాను మారిపోవు సందర్భమును కేంబ్రిడ్జిలోని పీటర్ విటిల్ 1988లో చర్చించెను. అట్టిచోట్ల మనకున్న తెలివి పాతబడిపోవును. పోయిన యేడు చూచినది ఈ యేడు నిజము కాకపోవచ్చును. అందుచేత వెదకుటను పూర్తిగా ఆపుటకు వీలులేదు.

2006లో లండనులో 14 మందితో ఒక ప్రయోగము జరిగెను. నాలుగు జూదపు యంత్రములను వారి ముందుంచిరి. ప్రతి యంత్రము ఇచ్చు ప్రతిఫలము నెమ్మదిగా హెచ్చుచు తగ్గుచు ఉండెను. ఆ మనుష్యులు ఎక్కువసార్లు మంచిదని తెలిసిన యంత్రమునే ఎన్నుకొన్నను, నడుమ నడుమ దానిని విడిచి తక్కినవానినిగూడ చూచుచుండిరి. లోకము మారుచున్నదని తెలిసినప్పుడు మనుష్యులు ఇటీవలి ఫలితములకు ఎక్కువ బరువు ఇచ్చుదురని 2007లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు చూపిరి.

తేనెటీగలు ఇందుకు చక్కని ఉదాహరణము. పట్టులోని ఈగలలో ఎక్కువ భాగము, తోటి ఈగలు నృత్యముద్వారా తెలిపిన పూలతోటకే పోయి తేనె తెచ్చును. కొన్ని ఈగలు మాత్రము ఎవరును చెప్పని చోట్లకు పోయి క్రొత్త పూలను వెదకును. పూలు నేడు పూచి రేపు వాడిపోవునవి గనుక, ఈ వెదకు ఈగల పని ఎన్నడును పూర్తిగా ఆగదు. పట్టులోని ఈగలన్నియు వెదకుటకే పోయినచో తేనె చేరదు. ఒక్కటియు పోనిచో, ఉన్న పూలు వాడిన నాడు పట్టు పస్తుండును.

మీ పొలములో నిలకడగానున్నదేది, మారునదేది?

పై విషయములను సేద్యమునకు అన్వయించుటకు ముందు, ప్రతి రైతు తన పొలమునకు సంబంధించిన సంగతులను రెండుగా విభజించుకొనవలెను.

నిలకడగానుండునవి: నేల రకము, మడి పల్లమా మెరకయా అనునది, మురుగు పోవు తీరు, చౌడు ఉన్న చోట్లు, ఆ మడికి తగిన నాటు దూరము. ఇవి ఏటేటా మారవు. రెండు మూడు పంటలలో శ్రద్ధగా పరీక్షించి, తేలినదానిని వ్రాసియుంచుకొని, ఇక దానినే పాటింపవచ్చును. పల్లపు మడిలో పొట్టి రకము మునిగిపోవునని తెలిసిన తరువాత మరల మరల వేసి చూడనక్కరలేదు.

మారునవి: పురుగులు, తెగుళ్ళు, కాలువకు నీరు వదలు తేదీ, వానల తీరు, బజారు ధర, కొనువారి అభిరుచి. వీనిలో పోయిన యేటి తెలివి ఈ యేటికి చాలదు. వీనిని గూర్చి ఏటేటా కొంత వెదకుచునే యుండవలెను.

ఒకే వంగడములో ఈ రెండును కలిసియుండును. 1986లో బాపట్ల నుండి విడుదలయిన బి.పి.టి. 5204 (సాంబ మసూరి) సన్నని గింజకు, అన్నము రుచికి పేరొందినది. ఆ గుణము ఇన్నేండ్లుగా నిలకడగానున్నది. కాని అగ్గితెగులు, బాక్టీరియా ఎండుతెగులు, సుడిదోమ దానిని బాధించును. వాని ఉద్ధృతి ఏటేటా మారుచుండును. ఎండుతెగులును తట్టుకొను మూడు జన్యువులను ఈ వంగడములోనికి చేర్చి తయారుచేసిన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో రైతులకు అందెను. నిలకడగానున్న గుణమును నిలుపుకొని, మారుచున్న దానికి మాత్రము విరుగుడు వెదకిన విధము ఇది. రైతుగూడ ఇదే దృష్టితో చూడవలెను.

పరిస్థితి మారిన ఉదాహరణలు

ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సుడిదోమను తట్టుకొను ఐ.ఆర్. 26 అను వంగడమును 1973లో విడుదల చేసెను. దానిని విస్తారముగా సాగుచేసిరి. కొద్ది సంవత్సరములలోనే ఆ వంగడముపై బ్రతుకగల సుడిదోమ వృద్ధియయ్యెను. వంగడము మారలేదు, దోమ మారినది. 1976లో వేరొక జన్యువుగల ఐ.ఆర్. 36 విడుదలయి దాని స్థానమును ఆక్రమించెను.

ప్రత్తి రైతులకు ఇట్టి అనుభవము మన దేశములోనే కలిగినది. కాయతొలుచు పురుగులను తట్టుకొను బి.టి. ప్రత్తికి 2002లో అనుమతి లభించెను. రెండు జన్యువులుగల విత్తనము 2006లో వచ్చెను. మొదటి జన్యువును తట్టుకొను గులాబిరంగు పురుగు గుజరాతులో కనబడినదని 2010లో వెల్లడియయ్యెను. తరువాతి యేండ్లలో రెండు జన్యువుల విత్తనమునుగూడ ఆ పురుగు ఆశించెను. విత్తనము ఒకమారు ఫలించినది గదా అని కాయలు విప్పి చూచుట మానిన రైతులకు నష్టము ఆలస్యముగా తెలిసెను.

వెదకుటకు ఎల్లప్పుడును భూమి అవసరములేదు. ప్రత్తిచేలో లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులను లెక్కించుట, వారమునకొకమారు కొన్ని కాయలు కోసి లోపల చూచుట, వరిలో దుబ్బుల మొదళ్ళు వంచి సుడిదోమకై చూచుట కూడ వెదకుటయే. వీనికి అగు ఖర్చు స్వల్పము. మారు విషయములను కనిపెట్టుటకు ఇవి చవుకయైన సాధనములు.

ఒక యేటి నష్టమును చూచి మోసపోకుడు

ఒక యేడు దిగుబడి తగ్గినంతమాత్రమున వంగడము చెడినదని చెప్పరాదు. తుపాను, ఆలస్యపు నాట్లు, ఎరువు తగినంత లేకుండుట మొదలగువానివలన ఏ వంగడమైనను ఒక యేడు తగ్గవచ్చును. అట్లే ఒక యేడు ఎక్కువ పండినంతమాత్రమున క్రొత్త వంగడము మేలైనదనియు చెప్పరాదు. ఏటికేటికి సహజముగా వచ్చు హెచ్చుతగ్గులు వేరు, నిజమైన మార్పు వేరు. ఈ రెండింటిని వేరుచేసి చూపునది పరీక్ష మడియే.

ముగ్గురు రైతులను ఊహించుకొనుడు. ముగ్గురికిని ఈ యేడు ఎకరమునకు 24 బస్తాలే పండినవి. మొదటి రైతు పొలమంతటా పాత వంగడమే వేసెను. తగ్గినది కాలమువలననో, వంగడమువలననో అతనికి తెలియదు. రెండవ రైతు పొలమంతటా క్రొత్తది వేసెను, అతనికిని తెలియదు. మూడవ రైతు పాతదానితోబాటు రెండు చిన్న మడులలో వేరొక వంగడము వేసియుండెను. ఆ మడులలోను ఎకరమునకు 24 చొప్పుననే పండినచో, తప్పు కాలమునదేయని చాలవరకు నమ్మవచ్చును. తొందరపడి విత్తనము మార్చనక్కరలేదు. ఆ మడులలో 30 చొప్పున పండినచో, పాత వంగడమునకు ఏదో కీడు మూడినదని అనుమానించి, వచ్చే యేడు జాగ్రత్తపడవలెను.

కనుక పరీక్ష మడి క్రొత్త వంగడము గుణమును తెలుపుటయేగాక, పాత వంగడము ఆరోగ్యమునుగూడ తెలుపును. పాతదానితో మీకు పూర్తి తృప్తిగానున్నను పరీక్ష మడిని మానరాదనుటకు ఇదియే కారణము.

పరీక్ష మడి వేయు విధము

1. మొత్తము 10 సెంట్లను రెండు చోట్ల 5 సెంట్ల చొప్పున ఏర్పరచవలెను. పొలములో అన్నిటికంటె మంచి మూలను గాని, చెడ్డ మూలను గాని, చెట్టు నీడను గాని ఎన్నుకొనరాదు. ప్రతి పరీక్ష మడికి ప్రక్కనే అంతే విస్తీర్ణములో పాత వంగడము ఉండవలెను.

2. ఎకరమునకు 25 కిలోల చొప్పున 10 సెంట్లకు రెండున్నర కిలోల విత్తనము చాలును. విత్తనము కొన్న రసీదును, సంచిమీది చీటీని పంట ముగియువరకు భద్రపరచవలెను.

3. నాటు తేదీ, మొక్కల దూరము, ఎరువులు, నీరు, సస్యరక్షణ రెండింటికిని ఒకే విధముగా ఉండవలెను. క్రొత్తదానిపై ముచ్చటతో ఎక్కువ ఎరువు వేసినచో పరీక్ష చెడిపోవును.

4. కోతకు ముందు గట్టు ప్రక్కనున్న రెండు వరుసలను వేరుగా కోసి తీసివేయవలెను. మిగిలిన భాగము కొలతను వ్రాసికొని, దానిని కోసి, నూర్చి, ఒకే విధముగా ఆరబెట్టి, కాటా వేయవలెను. వచ్చిన కిలోలను కోసిన సెంట్లతో భాగించి 100తో హెచ్చించినచో ఎకరము దిగుబడి తెలియును.

5. ఒక పుస్తకములో విత్తిన తేదీ, ఈనిన తేదీ, పడిపోయినదా లేదా, ఏయే చీడపీడలు వచ్చినవి, ఎన్ని కిలోలు, ఏ ధర పలికినది అను వివరములు వ్రాయవలెను. నిలకడ విషయములకు అన్ని యేండ్ల సగటును చూడవలెను. చీడపీడలకు, ధరకు గత రెండు మూడు యేండ్ల ఫలితములకు ఎక్కువ విలువ ఇవ్వవలెను.

6. క్రొత్త వంగడము రెండు మడులలోను, రెండు మూడు పంటలలో మేలుగానున్నచో, మొదట పొలములో అయిదవ వంతుకు, తరువాత సగమునకు పెంచవలెను. ఒక్కసారిగా పొలమంతటా వేయరాదు. అది పొలమును ఆక్రమించిన తరువాత పాతదానిని ఒక చిన్న మడిలో నిలుపుకొనుట మంచిది.

ఇట్లు మెల్లగా సాగుట పిరికితనము కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రములో సంకర మొక్కజొన్న విత్తనము వ్యాపించిన తీరును రయన్, గ్రాస్ అను ఇరువురు పరిశోధకులు 1943లో ప్రకటించిరి. వారు విచారించిన 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరును 1928కి, 1941కి నడుమ ఆ విత్తనమునకు మారిరి. ఆ రైతులు సాధారణముగా మొదట చిన్న మడిలో వేసి చూచి, భూమి నంతటిని దానికి మార్చుటకు ఇంకను మూడు నాలుగు సంవత్సరములు తీసికొనిరి.

ఎవరు ఎంత వెదకవచ్చును?

వెదకుటవలన కలుగు లాభము రాబోవు యేండ్లలో వచ్చును. కనుక ముందు ఎన్ని యేండ్లున్నవో దానినిబట్టి వెదకుట విలువ మారును. 2014లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగములో, ఒక్కమారే ఎన్నుకొనుటకు అవకాశమున్నప్పటికంటె ఆరుమార్లు అవకాశమున్నప్పుడు, మనుష్యులు తక్కువగా తెలిసినదానిని ఎక్కువగా పరీక్షించిరి.

కౌలు రైతులు ఈ విషయమును గమనింపవలెను. ఒక్క యేటి కౌలుకు తీసికొన్న భూమిలో నేల గుణమును గూర్చి, పచ్చిరొట్ట ఎరువును గూర్చి చేసిన పరీక్షల ఫలము, మరుసటి యేడు భూమి చేయి మారినచో, వారికి దక్కదు. వంగడమును గూర్చి తెలిసికొన్నది మాత్రము అటువంటి నేల ఎక్కడ దొరికినను వారి వెంటవచ్చును. కనుక కౌలు రైతు మొదట వంగడములను పరీక్షించుట మేలు. భూమిగల ఆసామి మూడు నాలుగు యేండ్లకు కౌలు మాట ఇచ్చినచో నేలను బాగుచేయు పరీక్షలకు కౌలుదారు ముందుకు వచ్చును. అందువలన ఆసామికిని లాభమే.

ఎకరము, రెండెకరములు మాత్రమే ఉండి, అప్పుతో సేద్యము చేయు రైతు, పంట పోయినచో ఇల్లు గడవదను స్థితిలో ఉండును. అట్టివారు పోగొట్టుకొనుటకు ఓర్వలేనంత భూమిని ఎన్నడును పరీక్షకు పెట్టరాదు. అయిదు సెంట్లు చాలును. అదియు కష్టమైనచో పొరుగు రైతుల మడులను, పరిశోధన స్థానము వారు గ్రామములలో వేయించు చిరుసంచుల పరీక్షలను పంటకాలములో రెండు మూడు మార్లు స్వయముగా చూచి, వివరములు వ్రాసికొనవలెను.

ఊరి రైతులు పదిమంది కలిసినచో ఈ భారము ఇంకను తేలికయగును. ఒక్కొక్కరు ఒక్కొక్క వంగడమును వేసి, కోతల తరువాత ఒకనాడు కూర్చుండి కాటా లెక్కలను చెప్పుకొన్నచో, ఒక్క యేటిలో పది వంగడముల సంగతి అందరికిని తెలియును. "ముందు వారు వేయనిమ్ము, తరువాత చూతము" అని ప్రతివారు ఎదురుచూచినచో ఎవరును వేయరు. కావున వంతులు ముందే నిర్ణయించుకొనవలెను. నష్టమైన లెక్కనుగూడ దాచక చెప్పవలెను; పొరుగువాని పొలమును కాపాడునది ఆ లెక్కయే.

ముగింపు

మారని విషయములలో మొదటనే వెదకి, తేలినపిమ్మట స్థిరముగా నిలువుడు. మారు విషయములలో పొలములో ఎక్కువ భాగమును తెలిసినదానికే ఇచ్చి, ఒక చిన్న భాగమును ఏటేటా పరీక్షకు ఉంచుడు. ఈ యేడు నారు పోయుటకు ముందే ఆ పది సెంట్లు ఎక్కడ ఉండవలెనో, అందులో ఏ వంగడము వేయవలెనో మీ మండల వ్యవసాయాధికారితో గాని, సమీపమునగల కృషి విజ్ఞాన కేంద్రము వారితో గాని సంప్రదించి నిర్ణయించుకొనుడు. కోతల నాటికి మీ పుస్తకములో ఒక పుటయైన నిండియుండవలెను. రాబోవు యేటి విత్తనమును ఎన్నుకొనుటకు మీకు ఆ పుటయే ఆధారము కాగలదు.